ఏడువారాల జట్టు

సెమీఫైనల్ ఆఖరి నిమిషాల్లో స్థిర కూతకెళ్ళేసరికి స్టేడియంలో కూర్చున్నవాడంటూ ఒక్కడూ మిగల్లేదు. విశాఖపట్నం జనానికి కబడ్డీ అంటే మామూలుగానే పూనకం. పైగా ఆ రోజు ఆడుతున్నది నూకరత్నం. ఒక నూకరత్నం కాదు, ఏడుగురు. ఒకే ముక్కు, ఒకే నుదురు, ఎడమ చెంప మీద ఒకే సొట్ట. కామెంటరీ చెప్పే పెద్దమనిషి కాసేపు పేర్లతో కుస్తీపట్టి, ఆనక చేతులెత్తేసి అందరినీ రత్నం అనేస్తున్నాడు. రత్నం వెళ్ళింది, రత్నం పట్టింది, రత్నానికి రత్నం నీళ్ళిచ్చింది. చూసేవాళ్ళకు ఇంతకంటే వినోదం ఏం కావాలి.

టీవీవాళ్ళు ఒక్కొక్క పిల్ల కాలరుకు మినపగింజంత మైకు తగిలించారు. స్థిర మధ్యగీత దాటగానే ఆ కూత హాలు నాలుగు మూలలకూ పాకింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. కుడి మూలనున్న పిల్ల కాలికి గురిపెట్టినట్టు నటించి, ఎడమవైపు తిరిగి ఒకతె భుజం తాకింది. వెనకనుంచి ఇద్దరు నడుం పట్టుకున్నారు. స్థిర నేలమీద పడి, పాకి, ఆ ఇద్దరినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలికొస గీతకు తగిలించింది. మూడు పాయింట్లు. ఈల మోగింది. ఫైనల్లో అడుగుపెట్టారు.

లేచి నిలబడ్డాక ఆమె గుండెలో ఏదో తడబడింది. మెట్టుందనుకుని కాలేస్తే లేనట్టుగా అయింది. ఆ వెంటనే గుండె కొట్టుకోవడం మాని గిలగిల్లాడటం మొదలుపెట్టింది. కళ్ళముందు దీపాలు పసుపుగా మారాయి. స్థిర కంగారుపడలేదు. ఇది కొత్త కాదు. చటుక్కున ఒక మోకాలి మీద కూర్చుని, తల వంచి, బాగానే ఉన్న బూటు లేసు విప్పి మళ్ళీ నెమ్మదిగా కట్టుకుంది. ముడి పూర్తయ్యేసరికి చూపు నిలబడింది.

ఆమె కూర్చోగానే హాలంతా కేకలు. జనంలో పిల్లలూ పెద్దలూ కూడా మోకాలి మీద కూర్చుని తమ బూట్లూ చెప్పులూ సర్దుకుంటున్నారు. దాన్ని రత్నం ముడి అంటారు. నూకరత్నం బతికున్న రోజుల్లో పెద్ద కూత ముగించి వచ్చిందంటే అలాగే కూర్చుని లేసు కట్టుకునేదట. ఆ అలవాటు ఈ పిల్లలకు రక్తంలోనే వచ్చిందని అందరూ మురిసిపోయేవారు. ఒకప్పుడు నూకరత్నాన్నీ ఆడించిన కోచ్ ప్రసాదరావు మాస్టారైతే చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేవారు.

స్థిర మటుకు ఏనాడూ మురిసిపోలేదు. అది అలవాటు కాదని ఆమెకు తెలుసు. తనకొక్కదానికే తెలుసనుకుంది.

---

భీమిలి దగ్గర చేపలు పట్టుకునేవాళ్ళ ఇంట పుట్టి, దేశమంతా కేకలు వేయించుకుని, ఇరవై రెండేళ్ళకే పోయింది నూకరత్నం. లారీ గుద్దిందన్నారు. ఆటగాళ్ళ దగ్గర పరీక్షలకని తీసుకునే రక్తం ఒక చుక్క మంచులో మిగిలిపోయింది. ఒక ట్రస్టువాళ్ళు దాన్ని సంపాదించి డాక్టర్ ఇందీవర చేతిలో పెట్టారు. ఆవిడ అందులోంచి కణాలు తీసి, వాటి నడిమి గింజలను, సొంత గింజ తీసేసిన అండాల్లోకి ఎక్కించి, ఏడు గాజుగర్భాల్లో పెంచింది. రోజుకొకటి చొప్పున వాటిని తెరిచారు. అందుకని పంచాంగం చూసి వారాల పేర్లే పెట్టేసింది. భానువారం నాటిది భాను, ఇందువారం నాటిది ఇందు, ఆ తరువాత మంగ, సౌమ్య, బృహతి, భృగువారానికి భార్గవి, స్థిరవారానికి స్థిర. అందరికంటే చిన్నది స్థిర. ఆ కొద్ది రోజుల చిన్నతనానికే పదహారేళ్ళుగా మిగతా ఆరుగురూ ఆమె చేత మంచినీళ్ళు తెప్పించుకుంటున్నారు.

వాళ్ళు పెరిగింది పాడేరు కొండల్లో ట్రస్టు కట్టించిన క్రీడా గురుకులంలో. అక్కడ ఇలాంటి పిల్లలే అందరూ. ఒక మొహం విలుకాళ్ళు నలుగురుండేవారు, ఒక మొహం ఈతగత్తెలు ముగ్గురు. విలుకాళ్ళలో ఒకడికి చూపు మందగిస్తే వాణ్ణి వేరే ఊరు పంపేశారు. మిగిలిన ముగ్గురూ చాలా కాలం భోజనాల దగ్గర వాడి చోటు వదిలేసి కూర్చునేవారు. ఆ ఖాళీ చోటంటే గురుకులంలో ప్రతి పిల్లకూ హడలే. స్థిరకు మరీను.

నెలకోసారి డాక్టరమ్మ వాళ్ళను పరీక్ష చేసేది. చల్లటి గదిలో మెత్తటి మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి వైర్లు అతికించి, కబుర్లు చెబుతూ కాగితం మీద గీతలు చూసేది. ఎవరి గీతలు చూసినా ముచ్చటగా ఒకేలా ఉండేవి. “గుండెంటే ఇదమ్మా,” అనేది ఆవిడ. స్థిరకు అప్పుడు సంతోషంగానూ ఉండేది, తప్పు చేస్తున్నట్టూ ఉండేది.

సెమీఫైనల్ గెలిచి కొండెక్కిన మర్నాడే మాస్టారు సాధన మొదలుపెట్టించారు. అలసటా గిలసటా ఆయన పుస్తకంలో లేవు. గురుకులంలో మ్యాట్ ఉన్నా, ఆయన మాత్రం మట్టిలోనే ఆడించేవారు, అదీ వట్టి కాళ్ళతో. మట్టి తెలియనివాళ్ళకు కబడ్డీ రాదని ఆయన నమ్మకం.

“ఒలే ఇందూ, ఆ మూలకి ఎల్లు. బయపడకే గుంటా, అది మీ అక్కే,” అని అరుస్తున్నారు గట్టు మీద నిలబడి.

ఇందు వెళ్ళింది. ఇద్దరిని తాకి, మూడోదాని పట్టు విడిపించుకుని, దుమ్ము రేపుకుంటూ తిరిగొచ్చింది. వచ్చీ రాగానే మోకాలి మీద కూర్చుని, తల వంచి, వేళ్ళతో పాదం దగ్గర ముడి వేయడం మొదలుపెట్టింది.

కాలికి బూటు లేదు.

ముందు సౌమ్య నవ్వింది. తరువాత అందరూ పడీ పడీ నవ్వారు. “లేని లేసుకి ముడేటే, నీ పిచ్చి గాని,” అంది మంగ కడుపు పట్టుకుని. మాస్టారు కూడా నవ్వారు. ఇందు తలెత్తి చూసి, తానూ నవ్వబోయి, నవ్వలేకపోయింది. దాని పెదవులు తెల్లగా ఉన్నాయి.

స్థిర ఒక్కర్తే నవ్వలేదు. ఇందు మొహంలో ఆ క్షణాన కనిపించినది ఆమెకు బాగా తెలిసిన మొహం. అద్దంలో చూసుకున్నందువల్ల కాదు, లోపలినుంచి తెలుసు. ఆమె ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే పట్టరాని ఉత్సాహం పుట్టుకొచ్చింది. నేనొక్కర్తినే కాదు, అనుకుంది.

---

తలంటు రోజు మధ్యాహ్నం ఏడుగురూ స్నానాల గది వెనక ఎండలో వరసగా కూర్చునేవారు. ఒకరి వెనక ఒకరు, ముందరున్నదాని జుట్టుకు చిక్కు తీస్తూ. అందరి జుట్టూ ఒకటే కాబట్టి అందరి చిక్కులూ ఒకటే, తిట్లు కూడా ఒకటే. ఆ వారం స్థిర వరస తప్పించి ఇందు వెనక కూర్చుంది.

“ఇందూ, నిన్న కూత అయ్యాక నీకు కళ్ళు బైర్లు కమ్మాయి కదా,” అంది మెల్లగా.

“లేదే. నీళ్ళు తాగలేదు, అంతే.”

“గుండె మెట్టు తప్పినట్టయిందా?”

ఇందు వెనక్కి తిరగలేదు. కాని దాని మెడ బిగుసుకుంది. “నీకెలాగ తెలుసు,” అంది.

“నాకూ అంతే. రెండేళ్ళ బట్టి. బూటు ముడి వేసుకున్నట్టు కూర్చుంటాను, అది తగ్గేదాకా.”

ముందున్న సౌమ్య దువ్వెన ఆగిపోయింది. దాని ముందున్న బృహతి చెయ్యి కూడా ఆగింది. వరస చివరిదాకా ఒక్కొక్క చెయ్యే ఆగిపోవడం స్థిర చూసింది. అప్పుడు భాను, అందరికంటే పెద్దది, జట్టు కెప్టెన్, ఇటు తిరిగి కూర్చుని, “నేను కూడా,” అంది.  “నేనొక్కర్తినే చెడిపోయిన నకలు అనుకున్నానే. చెబితే ఆ విలుకాడి లాగ పంపేస్తారని చెప్పలేదు.”

అందరూ అదే అన్నారు. చిన్నచిన్న మాటలు కూడా మారకుండా అదే అన్నారు. ఏడుగురు పిల్లలు ఒకే జబ్బును, ఒకే భయంతో, ఒకే ఉపాయం పన్ని, ఒకరికొకరు తెలియకుండా ఏళ్ళ తరబడి దాచారు. ఇంత తెలివితక్కువ పని ప్రపంచంలో ఇంకెవరి వల్లా కాదు. అది గ్రహించేసరికి ముందు ఏడుపొచ్చింది, తరువాత నవ్వొచ్చింది. తడి జుట్లతో ఒకరినొకరు వాటేసుకుని కాసేపు రెండూ చేశారు.

మంగ మటుకు లేచి నిలబడింది. “అయితే ఏటి ఇప్పుడు? ఇన్నాళ్ళూ ఆడలేదా? ఫైనల్ ఆడేసి అప్పుడు చెబుదాం.”

“రత్నం కూడా ముడి వేసుకునేది మంగా,” అంది స్థిర.

మంగ మళ్ళీ కూలబడింది. జడ కూడా వేయించుకోకుండా స్థిర డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తింది.

---

డాక్టర్ ఇందీవర అంతా విని, స్థిరను మంచం మీద పడుకోబెట్టి వైర్లు అతికించింది. గీతలు ఎప్పటిలాగే ముచ్చటగా వచ్చాయి. ట్రెడ్‌మిల్ ఎక్కించి పరుగెత్తించింది. ఒకటి రెండు చోట్ల గీత తొట్రుపడినట్టు కనిపించింది, అంతే.

“ఇలాక్కాదు డాక్టరమ్మా,” అంది స్థిర. “ఆ మిషను మీద నన్ను పట్టుకోడానికి ఎవరున్నారు? ఇక్కడే కూత పెట్టనివ్వండి.”

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, గుండెకు షాకిచ్చే పెట్టెను చేతికందేలా పెట్టుకుని, సరేనంది. వెనకాలే వచ్చిన అక్కచెల్లెళ్ళు మంచాలు గోడకు నెట్టేశారు. మందుల బల్ల అవతలికి పోయింది. నేలమీద కట్టుగుడ్డ పరిచి మధ్యగీత అన్నారు. స్థిర ఛాతీకి అతికించిన చిన్న పెట్టె నుంచి గీతలు గాలిలోనే ప్రయాణం చేసి తెరమీదికి వస్తున్నాయి. ఆమె గీత దాటి కబడ్డీ కబడ్డీ అంటూ వెళ్ళగానే ఆరుగురూ ఉన్నట్టుండి పరీక్ష సంగతి మరిచిపోయారు. ఆటంటే వాళ్ళకంతే. మంగ కాలు అడ్డం పెట్టింది, భాను నడుం పట్టింది, భార్గవి మంచం మీదికెక్కి దూకింది. స్థిర ముగ్గురిలోంచీ జారిపోయి కట్టుగుడ్డ మీద పడింది, కేరింతలు కొడుతూ.

తెరమీద గీతలు పిచ్చిగా ఎగురుతున్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి, తాగినవాడు గోడమీద గీసినట్టు. డాక్టరమ్మ వచ్చి నేలమీదే కూర్చుని స్థిర చేతిని పట్టుకుంది. “నెమ్మదిగా ఊపిరి తీసుకో తల్లీ. ఇంకా నెమ్మదిగా.” గీతలు కుదుటపడేదాకా వదల్లేదు. వదిలేసరికి ఆవిడ చీర చెంగు చెమటతో తడిసిపోయింది.

“ఉత్సాహం వచ్చినప్పుడు ఒంట్లో ఒక రసం పుడుతుంది,” అంది చివరికి. “అందరికీ అది బలం. మీ గుండెకు అదే విషం. పడుకోబెట్టి చూస్తే ఎన్నేళ్ళు చూసినా కనిపించదు. నేను మిమ్మల్ని పడుకోబెట్టే చూశాను.” ఆవిడ ఏడ్చింది. పిల్లల ముందు ఏడవడం అదే మొదటిసారి.

“మందుందా?” అంది భాను.

“ఉంది. రోజూ వేసుకుంటే హాయిగా బతకొచ్చు. ముసలమ్మలవ్వచ్చు. కాని పోటీల ఆట ఆడకూడదు. ఇంకెప్పుడూ.”

మంగ గదిలోంచి వెళ్ళిపోయింది. స్థిర వెనకే వెళ్ళబోయి, పక్కగది తలుపు దగ్గర ఆగింది. అందులో ఏడు ఉయ్యాలలున్నాయి. ఆ వేసవిలో తెరిచిన గాజుగర్భాల పిల్లలు. నూకరత్నాలే. బోసినోళ్ళతో, ఎడమ చెంప మీద సొట్టతో నవ్వుతున్నారు. వీళ్ళకింకా పేర్లు పెట్టలేదు. ఫైనల్ గెలిస్తే ఇలాంటివి డెబ్బై చేయిస్తానని ట్రస్టు చైర్మన్ టీవీలో ప్రకటించి ఉన్నాడు.

ఆ చైర్మన్ సాయంత్రానికల్లా కొండెక్కి వచ్చాడు. డాక్టరమ్మ చూపిన గీతలు చూశాడు. మందు ఫైనల్ అయ్యాక మొదలుపెడదామన్నాడు. ఒక్క ఆట కదా, ఇన్ని ఆడారు కదా అన్నాడు. ఆవిడ జట్టును పంపనంటే, అక్కడికక్కడే ఆవిణ్ణి జట్టు బాధ్యత నుంచి తప్పించాడు. ఇదంతా పిల్లల ఎదుటే, వాళ్ళు కుర్చీలూ బల్లలూ అయినట్టు.

చైర్మన్ వెళ్ళాక స్థిర మాస్టారి దగ్గరకు పోయింది. “మాస్టారూ, లారీ రత్నాన్ని ఏ ఊరి దగ్గర గుద్దింది?”

ప్రసాదరావు మాస్టారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.  “లారీ కాదు. గ్రౌండులోనే పోయింది,” అన్నారు. “వడదెబ్బనుకున్నామమ్మా. ఎండలో ఆడించి చంపామంటారని లారీ అని చెప్పాం.”

స్థిరకు కోపం రాలేదు. కోపానికి తీరిక లేదు. తలలో ఒక ఆలోచన గబగబా తయారవుతోంది. ఆడం అని గురుకులంలో మొండికేస్తే కొండమీద మాట కొండమీదే ఉండిపోతుంది. ఉయ్యాలల్లో పిల్లలు పెరుగుతారు, ముడి వేసుకోవడం నేర్చుకుంటారు. అదే స్టేడియంలో అయితే కాలరుకు మైకుంటుంది.

ఆ ఆలోచన విని అక్కల్లో అయిదుగురు ఒప్పుకున్నారు. మంగ ఒప్పుకోలేదు.

“మీ ఇష్టం మీది, నా కూత నాది,” అంది. “నన్ను పుట్టించిందే దీనికి. ఇది కూడా వద్దంటే నేనెందుకే మరి?”

“నువ్వెందుకో నాకు తెలీదు. నేనెందుకో కూడా తెలీదు,” అంది స్థిర. “తెలుసుకునేదాకా బతికుందామనే నా గొడవ.”

 ఫైనల్‌కు వెళ్ళే బస్సులో మంగ కిటికీ పక్కన కూర్చుని, దారంతా అద్దానికి నుదురానించి, పెదవులు కదుపుతూ కూత సాధన చేసింది. కొండ దిగుతున్నంతసేపూ స్థిరకు ఆ పెదవుల మీదే దృష్టి. జట్టులో అందరిదీ ఒకే ఒళ్ళయినా ఆటలో మంగే మేటి. ఎక్కువ ఎగిరేది, ఎక్కువ నవ్వేది, అందరికంటే ఎక్కువ ఉత్సాహం దానిదే. పోతే ముందు పోయేది కూడా అదే.

---

ఫైనల్ నాడు హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అవతలి జట్టు కరీంనగర్‌ది. వాళ్ళ కెప్టెన్ సమ్మక్క భుజాలు చూస్తే ఎవరికైనా జంకు పుడుతుంది. ఆట మొదలు కాకముందే బాజాలు, ఈలలు, రత్నం రత్నం అని అరుపులు. స్థిర గుండె ఊరుకుంటుందా. ఆమె ఒకటే పనిగా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ నిలబడింది. జనంలో ముందువరసలో డాక్టరమ్మ టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చుంది, ఒళ్ళో షాకిచ్చే పెట్టె పెట్టుకుని.

కూతల వరస కెప్టెన్ ఇష్టం. భాను ముందు తనను వేసుకుంది, మంగను చిట్టచివర పెట్టింది.

ఈల మోగింది. భాను మధ్యగీత దాటింది. హాలంతా చెవులు రిక్కించింది. కబడ్డీ అన్న మాట రాలేదు. భాను నాలుగడుగులు నడిచి, నిలబడి, మామూలు గొంతుతో అంది, “నా పేరు భాను. నాకు గుండెజబ్బుంది. నేను ఆడను.”

మైకు ఆ మాటను దేశమంతా మోసింది. అంపైర్ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. తరువాత ఊదాడు. కూత లేదు కాబట్టి అవుట్. భాను నడిచి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. కామెంటరీ పెద్దమనిషి, “రత్నం... కాదు... భాను,” అన్నాడు.

కరీంనగర్ పిల్ల కూతకొచ్చింది. ఎదురుగా ఆరుగురు కదలకుండా నిలబడేసరికి వింతపడి, ఎవరినీ తాకకుండా వెనక్కి పోయింది. ఇందు వెళ్ళింది. “నా పేరు ఇందు. మా రత్నం లారీ కింద పడి చావలేదు. కూత పెడుతూనే పోయింది.” అవుట్. అవతలి పిల్ల మళ్ళీ వచ్చి మళ్ళీ ఉత్త చేతులతో పోయింది. జనంలో సగంమంది మోసమని అరుస్తున్నారు, సగంమంది వాళ్ళను నోరుమూసుకోమని అరుస్తున్నారు. సౌమ్య వెళ్ళి తన పేరు చెప్పి, “మీరు కేకలేసే ఆ ముడి మాకు కళ్ళు తిరిగినప్పుడు వేసుకునేది,” అంది. మోకాళ్ళ మీద కూర్చుందామని సిద్ధంగా ఉన్న పిల్లలు అలాగే ఆగిపోయారు.

పైన గాజుగదిలోంచి చైర్మన్ మాస్టారికి ఫోను చేశాడు. మాస్టారు ఎత్తి, “మార్చడానికి ఇంకెవరున్నారండీ? ఏడుగుర్నే కదా చేయించారు,” అని పెట్టేశారు.

మూడోసారి ఎవరినైనా తాకితే గాని వీలులేదు కాబట్టి కరీంనగర్ పిల్ల వచ్చి బృహతినీ భార్గవినీ వేలితో అలా తాకీ తాకనట్టు తాకింది. ఇద్దరూ పేర్లు చెప్పుకుని బయటికి నడిచారు. స్థిర గీత దాటింది. అరచేతులు చల్లగా ఉన్నా గొంతు మటుకు గట్టిగానే వచ్చింది.

“నా పేరు స్థిర. కొండమీద ఇంకో ఏడుగురు చంటిపిల్లలున్నారు. వాళ్ళకి పేర్లు కూడా పెట్టలేదు. వాళ్ళని ఆటకి పెంచకండి.”

ఈల. స్థిర బెంచీ మీదికి వచ్చింది. కరీంనగర్ పిల్ల గీత దాటి, మంగ మొహం ఒకసారి చూసి, తిరిగి వెళ్ళిపోయింది. కోర్టులో మంగ ఒక్కతే మిగిలింది.

 మంగ కోర్టు నడిమధ్య నిలబడి, బెంచీ మీది ఆరు మొహాలూ చూసింది. స్థిర తల అడ్డంగా ఊపింది. మంగ గుండెల నిండా గాలి పీల్చి, గీత దాటింది.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ.

అబ్బ, ఎంత కూత అది. స్థిరకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వద్దు వద్దనుకుంటూనే, ఒళ్ళంతా దాంతోపాటు కదిలింది. మంగ ఎడమ మూలకు వెళ్ళినట్టే వెళ్ళి గిర్రున తిరిగి కుడివైపు దూకింది. కాలు చాచింది. జనం ఆపుకోలేక రత్నం అని గర్జించారు. డాక్టరమ్మ పెట్టె పట్టుకుని లేచి నిలబడింది.

మంగ అవతలి చివరి గీతదాకా పోయింది. ఏడుగురి వెనకకు పోయింది. ఇక చుట్టుముట్టి పట్టెయ్యాలి, అదే ఆట. సమ్మక్క ఆమె ఎదురుగా ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. సమ్మక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పక్కనున్న పిల్లలు ఆమెను చూసి తామూ వెనక్కి పెట్టుకున్నారు. ఒక్కొక్కరే పక్కకు తప్పుకుని మంగకు దారి ఇచ్చారు.

మంగకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. కూత ఆపకుండానే సమ్మక్క మీదికి వెళ్ళి, పట్టుకోమన్నట్టు రొమ్ము ముందుకు పెట్టింది. సమ్మక్క ఒకడుగు వెనక్కి వేసింది.

“పట్టం చెల్లే,” అంది సమ్మక్క. “నిన్ను పట్టినంక నీకేమన్న అయితే ఎట్ల? మాతోని గాదు.”

కబడ్డీ, కబడ్డీ. మంగ అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఆమెను పట్టేవాళ్ళు లేరు, తరిమేవాళ్ళు లేరు. కోర్టంతా ఖాళీ దారి. చెయ్యి చాపితే పాయింట్లే పాయింట్లు, అందరూ నిలబడి ఇస్తున్నారు. మంగ చెయ్యి సమ్మక్క భుజం దాకా వెళ్ళింది. అక్కడ గాలిలోనే ఆగి, కిందికి దిగిపోయింది. పట్టేవాళ్ళు లేని చోట ఏం ఆట ఆడుతుంది.

కూత కాస్త నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. కాలరు మైకులో ఆ ఒక్క మాటే అరుగుతూ అరుగుతూ వినిపించింది. తరువాత ఆగిపోయింది.

“నా పేరు మంగ,” అంది.  అంతే.

ఈ ఈల కోసం స్థిర ఆగలేదు. బెంచీ దూకి, గీతలన్నీ తొక్కుకుంటూ పరుగెత్తింది. వెనకాలే అయిదుగురూ. డాక్టరమ్మ చెంగు నడుముకు దోపుకుని తాడు కిందనుంచి దూరింది. స్థిర వెళ్ళి మంగను పట్టుకుంది. భుజాలు, నడుం, మోకాళ్ళు, కబడ్డీలో ఎలా పట్టాలో మాస్టారు నేర్పిన పట్టులన్నీ కలిపి పట్టుకుంది. లోపల ఆ గుండె గిలగిల్లాడుతోంది. నెమ్మదిగా, బలవంతంగా, అది దారికొస్తోంది. తనదే అయినట్టు స్థిరకు తెలుస్తోంది.

మంగ ఏడుస్తోంది, కోపంగా. ముక్కు తుడుచుకుని, అక్కచెల్లెళ్ళ మధ్యనుంచి తల పైకెత్తి, అవతల దూరంగా ఉన్న మధ్యగీతను చూసింది.

“నాకింకా బోల్డు ఊపిరుందే స్థిరా,” అంది.

“ఉంచుకో,” అంది స్థిర.